మూగబోయిన యువరాజు

పోయిన నెల గ్రైండరు బెల్టు గురించి రాసినప్పుడు, "ముందు స్విచ్చి చూడండి, తరవాత ప్లగ్గు చూడండి, ఆ తరవాతే స్క్రూడ్రైవరు పట్టుకోండి" అని మీకు పెద్ద నీతులు చెప్పాను కదా! ఆ నీతి నాకే ఎదురొచ్చిన కథ ఈ వారం చెబుతాను. ఈసారి రిపేరు చేసింది గ్రైండరూ కాదు, గ్యాస్ స్టవ్వూ కాదు. ఒక పాత కంప్యూటర్ ఆట. "ఆటలు పిల్లల గొడవ, మనకెందుకమ్మా" అని పేజీ తిప్పెయ్యకండి. మీ ఇంట్లోనూ ఏ అటక మీదో ఒక పాత సీడీ ఉండే ఉంటుంది. దాని అవసరం ఎప్పుడొస్తుందో చెప్పలేం.

సంక్రాంతికి ముందు అటక దులుపుతుంటే ఒక బిస్కట్ల డబ్బా దొరికింది. అందులో నాన్నగారి పాత రసీదులు, రెండు స్టాంపుల కవర్లు, ఒక సీడీ ఉన్నాయి. సీడీ మీద స్కెచ్ పెన్నుతో "ప్రిన్స్" అని రాసి ఉంది. దానితోపాటు లాంగ్ నోట్‌బుక్ కాగితం ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. విప్పి చూస్తే పేజీ, లైను, పదం అని గళ్ళు కొట్టి, ఎదురుగా ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం వేసి ఉంది. అడుగున "అక్కకి ఇవ్వొద్దు" అని రాసి, దాని కింద రెండు గీతలు. మా తమ్ముడి దస్తూరీ. నిచ్చెన మీదే కూర్చుండిపోయాను.

సంగతేమిటంటే, 1998లో నా ఇంటర్ అయిపోగానే నాన్నగారు తెనాలిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్నెల్ల కోర్సులో చేర్పించారు. సాయంత్రం నన్ను సైకిలు మీద తీసుకెళ్ళడానికి తమ్ముడు వచ్చేవాడు. వాడప్పుడు పదో తరగతి. ఆఖరు వరసలో ఒక మిషను ఖాళీగా ఉండేది. దాని మీద "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఆడేవాళ్ళం. సుల్తాను యుద్ధానికి వెళ్ళి ఉంటాడు. జాఫర్ అనే వజీరు రాజకుమారిని బంధించి, తనని పెళ్ళి చేసుకుంటావా, చస్తావా అని గంట గడువు పెడతాడు. నేలమాళిగలో పడేసిన మన కుర్రాడు ఆ 60 నిమిషాల్లో ముళ్ళూ, కత్తిరించే తలుపులూ, కత్తులు పట్టుకున్న భటులూ అన్నీ దాటుకుని పైకి చేరాలి. ఒకటే కీబోర్డు, ఇద్దరం. బాణం గుర్తుల బటన్లు నావి. షిఫ్ట్ బటన్ వాడిది. గోతి అంచున వేలాడాలన్నా, అడుగులో అడుగు వేసుకుంటూ ముళ్ళ దగ్గరికి వెళ్ళాలన్నా షిఫ్ట్ నొక్కాలి. అంటే నేను పరిగెత్తిస్తే వాడు పట్టుకునేవాడన్నమాట.

ఇప్పుడు వాడు పుణెలో ఉంటాడు. నాన్నగారు పోయాక 2022లో తెనాలి ఇల్లు అమ్మినప్పుడు మాటా మాటా వచ్చింది. నేను అనకూడని మాట ఒకటి అన్నాను. అప్పట్నుంచి పండగలకి మరదలి ఫోను నుంచి శుభాకాంక్షలు వస్తాయి, నేను నమస్కారం బొమ్మ పెడతాను. మూడేళ్ళ పైగా అంతే. ఆ కాగితం చూశాక ఒక బుద్ధి పుట్టింది. ఈ ఆట మళ్ళీ నడిపించి, ఆ పాట ఫోనులో రికార్డు చేసి వాడికి పంపితే? మాటలు అక్కర్లేదు. పాట చాలు.

అక్కడ మొదలైంది నా పని. నేను చేసినవీ, చెడగొట్టినవీ వరసగా చెబుతాను. మీకు పనికొస్తాయి.

మొదటి చిక్కు: సీడీ

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే అర ఉండదు. యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు పక్క ఫ్లాట్ వాళ్ళ దగ్గర అడిగి తెచ్చాను. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న సీడీ కదా, గరగరమంది గానీ తెరుచుకోలేదు. సీడీ తుడవడానికో పద్ధతుంది. పాత బనియను గుడ్డలాంటి మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచు వైపుకి తిన్నగా తుడవాలి. పళ్ళెం తోమినట్టు గుండ్రంగా రుద్దితే గీతలు పడి, ఉన్నది కూడా పోతుంది. రెండుసార్లు తుడిచాక తెరుచుకుంది. వెంటనే లోపలున్నదంతా కంప్యూటర్లోకి కాపీ చేసి, సీడీని దాని డబ్బాలో పెట్టేశాను. పాత సీడీ నుంచి నేరుగా ఆడకండి. కాపీయే వాడండి.

రెండో చిక్కు: అసలు నడవకపోవడం

ఫైలు మీద నొక్కితే, ఇది మీ కంప్యూటర్లో నడవదు అని చెప్పేసింది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ల్యాప్‌టాప్ దానిదే. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "డాస్‌బాక్స్ వేసుకో అమ్మా" అని, నోట్‌బుక్ అంచున పేరు రాసిచ్చి మళ్ళీ చదువులో పడిపోయింది.

ఈ ఆట మొదట 1989లో ఆపిల్ 2 అనే కంప్యూటరుకి వచ్చింది. మనం చూసిన డాస్ రకం 1990ది. డాస్ ప్రోగ్రాములు 16 బిట్లవి. ఇప్పటి విండోస్ 64 బిట్లది. ఇది ఆ పాత ప్రోగ్రాములని నేరుగా నడపదు. డాస్‌బాక్స్ అనేది కొత్త కంప్యూటరు లోపల ఒక పాత కంప్యూటరులా నటించే ప్రోగ్రాము. 2002 నుంచీ ఉంది, ఉచితం. దాన్ని తయారుచేసేవాళ్ళ సొంత చోటు నుంచే తీసుకోండి. ఊరూ పేరూ లేని చోట్ల దొరికేవాటిలో వైరస్‌లు ఉండొచ్చు.

కావలసినవి: డాస్‌బాక్స్, ఆట ఫైళ్ళున్న ఫోల్డరు, ఒక నోట్‌బుక్, పెన్సిలు.

చేసే విధానం: సి డ్రైవులో "గేమ్స్" అని ఒక ఫోల్డరు చేసి, అందులో ఆట ఫోల్డరు పెట్టండి. డాస్‌కి పొడుగు పేర్లు పడవు, అందుకని పేరు 8 అక్షరాలకి మించనివ్వకండి. డాస్‌బాక్స్ తెరిస్తే నల్లటి కిటికీ వస్తుంది. అందులో ముందు "మౌంట్" అనే ఆదేశం ఇవ్వాలి. మౌంట్, ఒక ఖాళీ, సి, ఒక ఖాళీ, ఆ తరవాత ఆ ఫోల్డరు ఉన్న దారి. అంటే "ఈ ఫోల్డరే నీ సి డ్రైవు అనుకో" అని దానికి చెప్పడమన్నమాట. తరవాత సి, దాని పక్కన రెండు చుక్కలు కొట్టి ఎంటర్ నొక్కాలి. తరవాత సీడీ అనే ఆదేశంతో ఆట ఫోల్డర్లోకి వెళ్ళి, ఆట పేరు కొట్టాలి. రోజూ ఇదంతా ఎవరు కొడతారూ అంటారా? డాస్‌బాక్స్‌తోపాటు "ఆప్షన్స్" అని ఇంకో గుర్తు వస్తుంది. అది నొక్కితే నోట్‌ప్యాడ్‌లో పెద్ద జాబితా తెరుచుకుంటుంది. దాని అట్టడుగున "ఆటోఎగ్జెక్" అని ఉన్నచోట ఈ ఆదేశాలు వరసగా రాసి పెడితే, తెరవగానే ఆట దానంతటదే మొదలవుతుంది.

ఆ జాబితాని ముట్టుకునేముందు దానికి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. ఇడ్లీపిండి అంతా ఒకేసారి పోసెయ్యకుండా కొంచెం దాచుకుంటాం చూడండి, అలా.

మూడో చిక్కు: బొమ్మ

ఆట వచ్చింది. కానీ తెర మధ్యలో పోస్టుకార్డంత! కళ్ళజోడు పెట్టుకున్నా యువరాజు చీమలా ఉన్నాడు. ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే తెరంతా నిండింది గానీ, ఆ పిల్లాడు కాస్తా పెళ్ళయిన పదేళ్ళకి మా వారు తయారైనట్టు అడ్డంగా పెరిగిపోయాడు.

కారణం సులువే. ఆ ఆట బొమ్మ అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు. మా ల్యాప్‌టాప్ తెర 1920, 1080. అందుకే చిన్నది. పైగా ఆ రోజుల్లో తెరలు ఇంచుమించు చదరంగా, 4 పాళ్ళకి 3 పాళ్ళుగా ఉండేవి. ఆ తెర మీద ఒక్కొక్క చుక్క వెడల్పు కన్నా కాస్త నిలువుగా, 1.2 రెట్లు సాగి కనిపించేది. ఆ సాగుడు లెక్కలో పెట్టుకునే బొమ్మలు గీశారు. ఇప్పటి తెరలో చుక్కలు సరిచదరం, తెరేమో వెడల్పు. అందుకే మనిషి పొట్టిగా, లావుగా కనిపిస్తాడు.

"ఆప్షన్స్" జాబితాలో మూడు చోట్ల మార్చాలి. "అవుట్‌పుట్" ఎదురుగా "సర్ఫేస్" అని ఉంటుంది. దాన్ని తీసి "ఓపెన్‌జీఎల్" అని ఇంగ్లీషులో కలిపి రాయాలి. "ఫుల్‌రిజల్యూషన్" ఎదురుగా "ఒరిజినల్" తీసి "డెస్క్‌టాప్" అని రాయాలి. "ఆస్పెక్ట్" ఎదురుగా "ఫాల్స్" తీసి "ట్రూ" అని రాయాలి. సేవ్ చేసి, డాస్‌బాక్స్ మూసి, మళ్ళీ తెరవాలి. రెండు పక్కలా నల్లటి అంచులు వచ్చి, మధ్యలో మనిషి సన్నగా, పొడుగ్గా, చక్కగా నిలబడతాడు. ఆ నల్ల అంచులు లోపం కాదు, అలాగే ఉండాలి. బొమ్మ మసకగా అనిపిస్తే "ఓపెన్‌జీఎల్" చివర ఎన్, బీ అని రెండక్షరాలు చేర్చండి. అంచులు పదునుగా వస్తాయి.

ఒకటి గమనించండి. ఈ మూడూ ఒకేసారి మార్చి నేను సాయంత్రం దాకా ఇబ్బంది పడ్డాను. ఒక మాటలో అక్షరం తప్పు కొట్టాను, ఏది తప్పో తెలియలేదు. పప్పులో ఉప్పూ, పులుపూ, కారమూ ఒక్కసారే సరిచేస్తే దేనివల్ల రుచి మారిందో ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కటే మార్చాలి. మార్చింది నోట్‌బుక్‌లో రాసుకోవాలి.

ఇంకో తమాషా. గోడలు నీలంగా, భటుల బట్టలు రంగురంగులుగా కనిపించాయి. "రంగులు చెడిపోయాయి" అనుకున్నాను. ఎందుకంటే నాకు గుర్తున్న ఆట బూడిద రంగుది. అరగంట జాబితాలో వెతికాక వెలిగింది. చెడింది రంగులు కావు. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నవన్నీ నలుపు తెలుపు మానిటర్లు! 1998 నుంచీ నేను ఆ గోడలు బూడిద రంగువే అనుకుంటూ ఉన్నాను.

ఆ యువరాజు పరుగు చూశారూ, ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అడుగు తడబడటం, అంచు పట్టుకుని పైకి ఎగబాకడం అచ్చం మనిషే. ఎందుకంటే అది నిజంగా ఒక మనిషి పరుగే. ఈ ఆట రాసిన జోర్డాన్ మెక్‌నర్ అనే అమెరికా యువకుడు, 1985లో తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు వేయించి, కార్లు నిలిపే మైదానంలో పరిగెత్తించి, దూకించి, వీడియో తీశాడు. ఆ వీడియోని ఒక్కొక్క బొమ్మగా ఆపుతూ, గీతలుగా మార్చి కంప్యూటర్లోకి ఎక్కించాడు. సంగీతం కట్టింది వాళ్ళ నాన్నగారు, ఫ్రాన్సిస్ మెక్‌నర్. ఆ ఆట అసలు ప్రోగ్రాము ఉన్న ఫ్లాపీలు చాలాకాలం కనిపించలేదట. 2012లో వాళ్ళ నాన్నగారు పంపిన పాత సామాన్ల పెట్టెలో దొరికాయి. ఏ దేశమైనా నాన్నల పెట్టెలు ఒక్కలాగే ఉంటాయి కాబోలు.

నాలుగో చిక్కు: శబ్దం

ఇక అసలు కథకి వస్తాను. మొదట్లో శబ్దం బాగానే వచ్చింది. కంట్రోల్, ఎఫ్ 12 కలిపి నొక్కితే వేగం పెరుగుతుందని తెలిసి, పెరిగితే మంచిదే కదా అని అదేపనిగా నొక్కి ఉంచాను. పాట కాస్తా నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడింది. కిటికీ పైన పట్టీలో "సైకిల్స్" అని ఒక అంకె ఉంటుంది. ఈ ఆటకి అది 3000 చాలు. దాన్ని మోయలేనంత పెంచితే మన కంప్యూటరు ఊపిరాడక శబ్దాన్ని ముక్కలు చేస్తుంది. కంట్రోల్, ఎఫ్ 11 నొక్కి తగ్గించాను, సర్దుకుంది. తగ్గించినా చిటపటలు పోకపోతే, జాబితాలో "మిక్సర్" అనే భాగంలో "బ్లాక్‌సైజ్" 1024 ఉంటుంది. దాన్ని 2048 చెయ్యండి. శబ్దం ఒక్క క్షణం ఆలస్యంగా వస్తుంది గానీ తెగదు.

షిఫ్ట్ అయిదుసార్లు వరసగా నొక్కితే "కుయ్" మని మోగి, స్టిక్కీ కీస్ కావాలా అని విండోస్ అడుగుతుంది. మన ఆటలో షిఫ్టే ప్రాణం కదా, సరిగ్గా ముళ్ళ ముందు ఇది అడ్డు వస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డు, అందులో ఆ సత్వర మార్గం ఆపెయ్యండి.

ఇవన్నీ చక్కబడ్డాయి. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక రోజూ అరగంట ఆడేదాన్ని. మొదటి లెవెల్ దాటాక ఒక గది వస్తుంది. అందులో అక్షరాలు రాసిన సీసాలుంటాయి. ఆటతో వచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా పదం మొదటి అక్షరం ఏదో చూసి ఆ సీసా తాగాలి. కొనుక్కున్నవాళ్ళే ఆడాలని పెట్టిన తాళం అది. మా తమ్ముడు ఎవరి దగ్గరో చూసి రాసుకున్న కాగితం అదే. అప్పుడు అది తప్పని మాకు తెలియదు. "అక్కకి ఇవ్వొద్దు" అన్న కాగితంతోనే అక్క ఆ గది దాటింది.

రెండో లెవెల్లో శబ్దం పోయింది. కత్తులు తగులుతున్నాయి, చప్పుడు లేదు. తలుపులు లేస్తున్నాయి, చప్పుడు లేదు. సరేలే అని ఆడితే మూడో లెవెల్లో దానంతటదే వచ్చింది. నాలుగులో మళ్ళీ పోయింది. మర్నాడు తెరిస్తే మొదటి లెవెల్లో ఉంది, రెండులో లేదు. ఇంకో బాధ, నేను రోజూ సేవ్ చేసి ముగిస్తున్నా మర్నాటికి మళ్ళీ మొదటికే వచ్చేది. "సరి సంఖ్య లెవెళ్ళు ఉన్నచోట సీడీ పాడైంది" అని నాకు నేనే తేల్చేసుకున్నాను.

విండోస్‌లో స్పీకరు గుర్తు నొక్కితే ఒక్కొక్క ప్రోగ్రాముకీ వేరే వాల్యూమ్ ఉంటుంది, అది చూశాను. డాస్‌బాక్స్‌ది నిండుగానే ఉంది. యూట్యూబులో పాట పెట్టాను, మోగింది. అంటే స్పీకర్లు బాగానే ఉన్నాయి. అయినా మనసాగక ఒక దుకాణానికి తీసుకెళ్ళాను. ఆ అబ్బాయి ఆట చూడనైనా చూడకుండా, "ఆంటీ, సౌండు చిప్పు వేడెక్కి ఆగిపోతోంది. 1,800 అవుతుంది" అన్నాడు. చిప్పు వేడెక్కితే యూట్యూబు పాట ఎలా మోగుతోందని అడిగాను. జవాబు చెప్పలేదు. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మా అమ్మాయి, "ఇది ఆడినవాళ్ళని ఎవర్నైనా అడగమ్మా" అంది. నాకు తెలిసినంతలో ఇది ఆడినవాడు లోకంలో ఒక్కడే.

ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పాట పంపుదామనుకున్నాను, ఇప్పుడు పాటే లేదు. చివరికి నొక్కేశాను. మూడో రింగుకి ఎత్తాడు.

"అక్కా? ఏమైంది? అందరూ బాగున్నారా?" అన్నాడు కంగారుగా. మూడేళ్ళ తరవాత ఫోను వస్తే కంగారు పడాల్సి వచ్చింది మరి.

"అందరం బాగున్నాం. ఒరే, ప్రిన్స్‌లో సౌండు రావడం లేదు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఏ ప్రిన్స్?" అన్నాడు. చెప్పాను. నోట్‌బుక్ తీసి మొత్తం చదివాను. ఒకటో లెవెల్ ఉంది, రెండు లేదు, మూడు ఉంది, నాలుగు లేదు, సేవ్ అవడం లేదు. విన్నంతసేపు విని, వాడు నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

"లెవెల్ అయిపోగానే ఏం నొక్కుతున్నావ్?"

"సేవ్ చెయ్యడానికి కంట్రోల్, ఎస్ నొక్కుతున్నా."

"అక్కా! సార్ వస్తుంటే నేనేం నొక్కేవాణ్ణి?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మిషన్లకి సౌండు కార్డు లేదు. డబ్బా లోపలున్న బుల్లి స్పీకరే కీచుకీచుమనేది, దానికి తగ్గించే బటనూ ఉండదు. సార్ బూట్ల చప్పుడు వినపడగానే వాడు కంట్రోల్, ఎస్ నొక్కేవాడు. ఆ ఆటలో ఎస్ అంటే సేవ్ కాదు, సౌండు! ఒకసారి నొక్కితే పోతుంది, ఇంకోసారి నొక్కితే వస్తుంది. అందుకే ఒక లెవెల్లో ఉండి, ఒక లెవెల్లో పోయింది. సేవ్ చెయ్యడానికి కంట్రోల్, జీ నొక్కాలి. అదీ మూడో లెవెల్ నుంచే పనిచేస్తుంది. నొక్కిన ప్రతిసారీ తెర అడుగున చిన్న అక్షరాలతో అదే చెబుతూ ఉంది. ఎంత సమయం మిగిలిందో చెబుతోందనుకుని నేను చదవలేదు.

సీడీ మంచిదే. చిప్పు మంచిదే. నోరు మూయించింది నేనే, నా వేళ్ళతో నేనే, నాకు తెలియకుండానే.

ఆ మాట పైకే అన్నానో ఏమో తెలియదు. "ఒరే, ఆ రోజు ఇంటి దగ్గర నేను అన్న మాట తప్పు" అన్నాను. "నాన్న దగ్గర నువ్వు లేవని అన్నాను చూడు, అది తప్పురా. సెలవు దొరక్క నువ్వు పడ్డ బాధ నాకు తెలుసు. తెలిసే అన్నాను."

అటునుంచి ఏమీ వినపడలేదు. ఫోను తెగిందేమో అని చూశాను. లేదు. కొంతసేపటికి గొంతు సవరించుకుని, "ఎన్నో లెవెల్ దాకా వచ్చావు?" అన్నాడు.

"నాలుగు."

"నాలుగులో అద్దం వస్తుంది. ఆగకుండా పరిగెత్తుకొచ్చి దూకాలి. నీకు ఎప్పుడూ భయమే."

తరవాత వీడియో కాల్ పెట్టి పాట వినిపించాను. అంతా విని, "బావుంది గానీ, ఇది మన పాట కాదక్కా. మనది కీచుకీచుమనేది" అన్నాడు. నిజమే. 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు వచ్చాక డబ్బున్నవాళ్ళ కంప్యూటర్లలో ఇంత నిండుగా వినపడేది. మాకు ఒక్క స్వరం తరవాత ఒక్క స్వరమే. ఆ సరదా కావాలన్నవాళ్ళకి అదీ కుదురుతుంది. జాబితాలో "సౌండ్ బ్లాస్టర్" భాగంలో "ఎస్బీటైప్" ఎదురుగా ఉన్నది తీసి "నన్" అని రాయండి. ఆట ఆ బుల్లి స్పీకరు గొంతుకి దిగుతుంది. నేను అలాగే మార్చి మళ్ళీ వినిపించాను. ఈసారి వాడు ఏమీ అనలేదు. మరదల్ని పిలిచి, "ఇదిగో, ఇదే" అన్నాడు.

ఇక మీరు గుర్తుపెట్టుకోవలసినవి నాలుగే నాలుగు:

ఏ పాత ఆటకైనా ముందు దాని బటన్ల పట్టిక సంపాదించండి. ఇప్పటి అలవాటు అప్పటి ఆటకి పనికిరాదు.

జాబితా మార్చేముందు కాపీ తీసుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి.

లోపం ఎప్పుడు వస్తోంది, సరిగ్గా దానికి ముందు మీరేం నొక్కారు, ఈ రెండూ పక్కపక్కనే రాయండి. నేను మొదటిది రాసి, రెండోది రాయలేదు. రాసి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది.

తెర అడుగున ఏ చిన్న అక్షరాలు వచ్చినా కళ్ళజోడు పెట్టుకుని చదవండి. డబ్బు ఖర్చు పెట్టేది ఆ తరవాతే.

ఏప్రిల్లో పిల్లల సెలవులకి మా తమ్ముడు వాళ్ళు వస్తామన్నారు. ఆవకాయ పెట్టే రోజులు, కాయ కొట్టడానికి మనిషి దొరికాడని నా సంతోషం. ఫోను పెట్టేసేముందు వాడు ఒకటే మాట చెప్పాడు. "అక్కా, అద్దం దాకా నువ్వు ఆడుకో. ఆ తరవాత షిఫ్ట్ మీద వేలు పెట్టకు. అది నాది."

సరే మరి, మీ ఇంటి అటక మీద ఏముందో ఒకసారి చూసి రాయండి. వచ్చే వారం కుక్కరు విజిలు ఎందుకు రాదో, గాస్కెట్టు ఎప్పుడు మార్చాలో చెప్పుకుందాం.